పండుగ ప్రేమకథలూ, పండుగ ఖర్చులూ

సంక్రాంతి సెలవులు ముగిసి కళాశాల తెరచిన మొదటి రెండు దినాలలో పాఠం సాగడం ఎంత కష్టమో బోధకులందరికీ అనుభవమే. విద్యార్థుల శరీరాలు తరగతి గదిలో ఉంటాయి గాని చిత్తం ఇంకా ఇంటివద్దనే ఉంటుంది. ఆ రెండు దినాలనూ వృథా పోనీయక, సెలవులలో చూచిన ఏదైనా ఒక చలనచిత్రాన్ని గూర్చి ఒక పుట వ్రాసి తెమ్మని కోరడం మాకు కొన్నేళ్ళుగా అలవాటు. తెలుగు శాఖవారు తెలుగులోను, ఉర్దూ శాఖవారు ఉర్దూలోను వ్రాస్తారు. కాగితాలు మాత్రం ఒకే కట్టగా మా బల్లమీదికి చేరుతాయి. ఉర్దూ కాగితాలను ఆ శాఖ మిత్రులు సాయంకాలం తేనీటివేళ మాకు చదివి వినిపిస్తూ ఉంటారు.

ఈ విధంగా చేరిన కాగితాలలో ఒక విశేషం మా దృష్టికి వచ్చింది. యుద్ధాలూ దొమ్మీలూ నిండిన భారీ చిత్రాలను గూర్చి వ్రాసినవారు మేము అనుకున్నంతమంది లేరు. పండుగ నేపథ్యంగా నడిచే కుటుంబ ప్రేమకథలను గూర్చి వ్రాసినవారే పలువురు. అందులోనూ కొందరు, మరీ ముఖ్యంగా విద్యార్థినులు, అమెరికాలో టెలివిజన్ కోసమే తయారయ్యే క్రిస్మస్ ప్రేమచిత్రాలను సెల్‌ఫోన్లలో చూచి వాటిని గూర్చి ఎంతో మక్కువతో వ్రాశారు. వడమాలపేటలో జనవరి నెలలో కూడా మంచు అన్నది తెల్లవారుజామున పొలాలమీద కాసేపు నిలిచి ఎండ రాగానే పోయే పలుచని పొరే. అటువంటి ఊళ్ళో కూర్చొని, మోకాలిలోతు మంచులో జరిగే ప్రేమకథను చూచి కంటతడి పెట్టుకొన్న పిల్లలను గూర్చి చులకనగా మాట్లాడడం సులభం. మా మిత్రులలో కొందరు అట్లాగే మాట్లాడారు కూడా. మాకు మాత్రం ఆ విషయం కొంత నిదానంగా ఆలోచింపదగినదని తోచింది.

ముందుగా ఆ చిత్రాల పుట్టుక గూర్చి రెండు మాటలు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1910లో ప్రారంభమై, శుభాకాంక్షల కార్డులు అమ్మి పెద్దదైన హాల్‌మార్క్ అనే సంస్థ ఉన్నది. 1951 డిసెంబరు 24న ఆ సంస్థ ప్రాయోజకత్వంలో ఒక క్రిస్మస్ సంగీతరూపకం ఎన్.బి.సి. టెలివిజన్‌లో ప్రసారమైంది. కార్డులు అమ్మే వర్తకునికి పండుగనాటి టెలివిజన్ ఎంత ఉపకరిస్తుందో నాడే తెలిసిపోయింది. 2001లో ఆ సంస్థ పేరిట ఒక ఛానెలే వెలసింది. 2009 నుండి క్రిస్మస్‌కు వారాల ముందునుండే వరుసగా పండుగ చిత్రాలు ప్రసారం చేయడం ఆ ఛానెల్‌కు ఆచారమైపోయింది. వీటిలో పెక్కు చిత్రాలను రెండు మూడు వారాలలో, తరచుగా కెనడా దేశంలో, ఒక్కొక్కసారి నడివేసవిలో కృత్రిమమైన మంచు చల్లి చిత్రీకరిస్తారు. నటీనటులు ఉన్ని కోట్లు తొడుక్కొని, లోపల చెమట కారుతున్నా చలికి వణకుతున్నట్లు అభినయించవలసిందే. అనంతరం నెట్‌ఫ్లిక్స్ వంటివారు కూడా ఈ బాట పట్టారు. 2017లో వచ్చిన ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ అనే చిత్రంలో ఒక విలేఖరి యువతి ఏ పటంలోనూ లేని ఒక రాజ్యానికి వార్తాసేకరణకై వెళ్ళి ఆ దేశపు యువరాజును వలచి వస్తుంది.

ఈ చిత్రాలన్నింటికీ కథ దాదాపు ఒక్కటే. మహానగరంలో ఉన్నతోద్యోగం చేస్తూ ఊపిరి సలపని ఒక యువతి పండుగకు పదినాళ్ళ ముందు ఒక చిన్న ఊరికి వస్తుంది. అది ఆమె పుట్టిన ఊరు కావచ్చు, కంపెనీ పంపిన ఊరు కావచ్చు. అక్కడ ఒక బేకరీయో, పాత సత్రమో, క్రిస్మస్ చెట్లు పెంచే తోటయో మూతపడే స్థితిలో ఉంటుంది. దానికి యజమానియైన యువకుడు మంచివాడు, మాటకారి, తరచు భార్యను కోల్పోయినవాడు. అతనికి ఒక ముద్దులొలికే కూతురు. మొదట వారిద్దరికీ పొసగదు. తరువాత ఇద్దరూ కలిసి రొట్టెలు చేస్తారు, చెట్టును అలంకరిస్తారు. ఒక అపార్థం కలుగుతుంది. పండుగ ముందునాటి రాత్రి ఆ అపార్థం తొలగిపోతుంది. మంచు కురుస్తుంది. ముద్దు ఒక్కటే, అదీ చిట్టచివరన. అందుచేతనే ఈ చిత్రాలను తల్లిదండ్రులతో కలిసి కూర్చొని చూడడానికి సంకోచం లేదని మా విద్యార్థిని ఒకతె వ్రాసింది. చిన్నమాటే గాని, నేటి చిత్రాలలో ఎన్నింటిని గూర్చి అట్లా చెప్పగలము?

కథ ముందే తెలిసిపోవడం ఈ చిత్రాలలో పెద్ద లోపమని విమర్శకులు అంటారు. ఈ మాటతో మేము ఏకీభవించడం లేదు. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ద్రౌపదమ్మ గుళ్ళవద్ద ఏటేటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పదునెనిమిది దినాల చివర మట్టితో చేసిన దుర్యోధనుని మహాకాయం నేలమీద పడి ఉండగా భీమవేషధారి తొడ పగులగొడతాడు. ఆ తొడ పగులుతుందా లేదా అన్న సందేహంతో ఎవరూ అక్కడికి రారు. ఐనా తపసు మాను ఎక్కే అర్జునుని చూడడానికి తల్లులు పిల్లలను చంకనెత్తుకొని వస్తారు, రాత్రులు మేలుకొంటారు. తెలిసిన కథను మరల వినడంలో తెలియని కథను వినడంలో లేని ఒక నెమ్మది ఉన్నది. 2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ సంస్థ, 53 మంది ప్రేక్షకులు ఆ యువరాజు కథను వరుసగా 18 దినాలు ప్రతిదినమూ చూచారని బయటపెట్టి, మిమ్ములను అంతగా నొప్పించినవారెవరని వేళాకోళమాడింది. లోకం నవ్వింది. మాకు నవ్వు రాలేదు. చూచేవారి చూపును దొంగచాటుగా లెక్కించి నలుగురిలో నవ్వులపాలు చేయడం మర్యాద కాదన్న మాట అటుంచితే, ఆ 53 మందిలో ఎందరు ఒంటరివారో, ఎందరు రోగి పక్కన రాత్రులు కూర్చొన్నవారో ఎవరికి తెలుసు?

ఇంటికి చేరుకోవడం అన్నది ఈ కథలలోని అసలు ఆకర్షణ. ప్రేమ దాని తరువాతిది. తెల్లవారకముందే బస్సెక్కి శ్రీసిటీ కర్మాగారాలకు పోయే యువతులకూ, చెన్నైలో గది అద్దెకు తీసుకొని నలుగురితో పంచుకొనే యువకులకూ, ఇల్లు అనేది ఏడాదికి నాలుగైదు దినాల వ్యవహారమైపోయింది. భోగినాటి రాత్రి పుత్తూరు మార్గంలో వచ్చే బస్సులలో నిలుచొనే చోటుకూడా ఉండదు. ఆ బస్సు దిగి, చేతిలో సంచితో, చీకట్లో ఇంటి దీపాన్ని దూరంనుండి చూచినవానికి, మంచు కురిసే ఊరిలో రైలు దిగిన ఆ అమెరికా యువతి పరాయిది కాదు. ఈ సంగతి గ్రహించినవారే ఈ చిత్రాలను గూర్చి మాట్లాడడానికి అర్హులు.

ఇక మన పండుగ చిత్రాల మాట. తెలుగునాట టెలివిజన్ కోసమే పండుగ ప్రేమచిత్రాలు తీసే ఆచారం ఆ స్థాయిలో వేళ్ళూనలేదు. మన పండుగ చిత్రం మొదట సంక్రాంతికి థియేటర్‌లో విడుదలై, ఆపైన టెలివిజన్ ద్వారా ఇంటింటికీ వస్తుంది. ఇల్లంతా కలిసి చూచేది మాత్రం రెండవ రాకలోనే. 2000 జనవరి 14న విడుదలైన ‘కలిసుందాం రా’, 2017 జనవరి 14న విడుదలైన ‘శతమానం భవతి’ ఈ కోవకు చెందినవి. మొదటిది ఉత్తమ తెలుగు చిత్రంగాను, రెండవది ప్రజాదరణ పొందిన ఉత్తమ వినోదాత్మక చిత్రంగాను జాతీయ బహుమతులు పొందాయి. చెదరిన బంధువర్గం ఒక పెద్దాయన లోగిలిలో తిరిగి కలుసుకోవడం, ఆ సందడిలో ఒక మేనరికపు ప్రేమ చిగురించడం ఇటువంటి చిత్రాల సామాన్య లక్షణం. ‘శతమానం భవతి’లో విదేశాలలో స్థిరపడిన బిడ్డలను పండుగకు రప్పించడానికి, మేము విడిపోతున్నామని వృద్ధదంపతులలో భర్త కబురు పంపుతాడు. ఆ ఒక్క ఊహలో మన కాలపు దుఃఖం ఎంతో ఉన్నది. ఆ చిత్రాన్ని మేము రెండుసార్లు చూచామని ఒప్పుకోవడానికి సిగ్గుపడడం లేదు.

ఐతే ఒక ఆక్షేపణ. ఈ అనురాగమంతా గోదావరి ఒడ్డుననే జరగాలా? కొబ్బరితోటలు, కాలువలు, పూతరేకుల ఆత్రేయపురం కనబడగానే ప్రేక్షకునికి పండుగ వచ్చిందని తెలియాలి. మన సీమకు మాత్రం అదే సంక్రాంతికి వేరొక వాటా పెట్టారు. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2023 సంక్రాంతికి ‘వీరసింహారెడ్డి’. అనగా గోదావరికి ముగ్గులూ మరదళ్ళూ, సీమ మనుషులకు వేటకొడవళ్ళూ నాటుబాంబులూ. చంద్రగిరి దగ్గరి ఎ. రంగంపేటలో కనుమనాడు పశువుల పండుగ చూచినవారికి, కొమ్ములకు కట్టిన పలకలకోసం పరుగెత్తే పడుచువాళ్ళనూ, మిద్దెలమీద నిలిచి వాళ్ళను చూచే కన్నెపిల్లలనూ చూచినవారికి, ఇక్కడ ప్రేమకథలు జరగవని ఎవరు చెప్పగలరు? జరుగుతూనే ఉన్నాయి. కెమెరా రాలేదు, అంతే.

మరొక చిత్రమైన సంగతి. 2025 సంక్రాంతికి థియేటర్లలో విశేషంగా ఆడిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ టెలివిజన్‌లో మొదటిసారి ప్రసారమైన దినం 2025 మార్చి 1వ తేదీ సాయంకాలం. ఆనాటి సాయంకాలమే రంజాన్ నెలవంక. మరునాడు మొదటి ఉపవాసం. మన విద్యార్థుల ఇళ్ళలో కొన్నింట మేడమీద పెద్దలు ఆకాశంలో చంద్రరేఖను వెదుకుతూ ఉండగా, క్రింద గదిలో పిల్లలు సంక్రాంతి చిత్రం చూస్తున్నారు. ఇది ఎవరినీ నొప్పించిన విషయం కాదు, మాకు ముచ్చటగానే తోచింది. కాని ఆనాడు ఉర్దూ శాఖ విద్యార్థి ఒకడు వేసిన ప్రశ్న మా మనస్సునుండి పోవడం లేదు. “సార్, ఏ నెలవంకనాడు చూచినా తెరమీద మాకు సంక్రాంతి కనబడుతుంది గదా. ఏ సంక్రాంతినాడైనా తెరమీద మా నెలవంక కనబడుతుందా?”

తెలుగు చిత్రాలలో ముస్లిం పాత్రలు లేవని కాదు. 1974 నాటి ‘నిప్పులాంటి మనిషి’లో షేర్‌ఖాన్‌గా కైకాల సత్యనారాయణ గారి నటనను మా తరంవారు మరువలేదు. 2022లో వచ్చిన ‘సీతా రామం’లో నాయిక నూర్జహాన్. కాని ఆమె యువరాణి, పైగా కథలో అధికభాగం సీతామహాలక్ష్మి అన్న మారుపేరుతోనే తిరుగుతుంది. క్రైస్తవ కుటుంబాల విషయంలో 1981 నాటి ‘సీతాకోకచిలుక’, 2022 నాటి ‘అంటే సుందరానికీ’ వంటివి కొంత సాహసించాయి. మేము అడుగుతున్నది సాహసం కాదు. మతాంతర వివాహం, మతకలహం, త్యాగం చేసే ప్రాణమిత్రుడు, ఇవేవీ లేని ఒక సామాన్యపు పండుగ కథ. టైలరింగ్ చేసుకొనే ఒక కుటుంబంలో ఈద్ ముందునాటి రాత్రి, ఊరివారి బట్టలన్నీ కుట్టి ఇచ్చాక, తమ సొంత బట్టలు కుట్టుకోవడానికి తెల్లవారుజామున కూర్చొనే అన్నాచెల్లెళ్ళ కథ. దానిలో ప్రేమకు చోటు లేదా? గుండీలు తెచ్చి ఇచ్చే అంగడి కుర్రవాడు ఉండనే ఉన్నాడు.

ఇక్కడ పాఠకులు ఉర్దూలో ఇటువంటివి ఉన్నాయి గదా అనవచ్చు. ఉన్నాయి. పాకిస్తాన్‌లోని హమ్ టీవీ 2018 రంజాన్ నెలలో దినమొక భాగం చొప్పున ‘సునో చందా’ అనే హాస్య ప్రేమకథను ప్రసారం చేసింది. దానికి లభించిన ఆదరణ చూచి మరుసటి ఏడు రెండవ కథనూ, 2021లో ‘చుప్కే చుప్కే’, 2022లో ‘హమ్ తుమ్’ అనువాటినీ ప్రసారం చేశారు. ఇవి మన దేశంలోనూ ఉర్దూ తెలిసిన ఇళ్ళలో విశేషంగా చూచినవే. అమెరికా క్రిస్మస్ చిత్రాలకు రంజాన్ జవాబు అని వీటిని అనవచ్చు. ‘సునో చందా’లో తాతగారి చివరి కోరికపై నికాహ్ జరిగిపోయిన ఇద్దరు, అత్తవారింటికి సాగనంపే వేడుక జరగకముందే ఆ సంబంధాన్ని తెంపుకోవాలని ఎత్తులు వేస్తారు. వారు అన్నదమ్ముల బిడ్డలు. ఈ కథను తరగతిలో చెప్పినప్పుడు తెలుగు శాఖ పిల్లలు, చిన్నాన్న కొడుకు అన్న అవుతాడు గదా, పెళ్ళి ఎట్లా అని నోరు వెళ్ళబెట్టారు. మరి మీలో మేనమామను చేసుకోవడం లేదా అని ఉర్దూ శాఖ ఆడపిల్లలు ఎదురు ప్రశ్న వేశారు. ఆనాడు ఆ గంటలో మేము పాఠం చెప్పలేదు గాని, రెండు శాఖలవారూ ఒకరి ఇళ్ళను గూర్చి ఒకరు తెలుసుకొన్నంత ఏ పాఠంలోనూ తెలుసుకొని ఉండరు.

ఇంతదూరం మెచ్చుకొన్న తరువాత, ఈ చిత్రాలన్నింటిపైనా, మంచు ఊరివైనా, గోదావరి ఊరివైనా, రంజాన్ ఇంటివైనా, మాకున్న అసలైన ఫిర్యాదును చెప్పవలసి ఉన్నది. మొదట పేర్కొన్న కాగితాల కట్టలో ఒక విద్యార్థిని ఒక పుటకు బదులు ఎనిమిది పంక్తులే వ్రాసింది. పండుగనాడు తమ ఇంట పదునలుగురు బంధువులు ఉన్నారనీ, టెలివిజన్‌లో చిత్రం వస్తుండగా తాను అమ్మతో కలిసి గిన్నెలు తోమడం, వడ్డించడం, మరల తోమడం చేస్తూ ఉండినందున చిత్రాన్ని ముక్కలు ముక్కలుగా మాత్రమే చూడగలిగాననీ, అందుచేత కథ సరిగా వ్రాయలేకపోతున్నాననీ, మన్నించమనీ ఆమె వ్రాసింది. చివరన ఒక వాక్యం. ఆ చిత్రంలో కూడా అంతమంది చుట్టాలు భోంచేశారు గాని గిన్నెలు ఎవరు తోమారో చూపలేదు అని.

ఆ కట్ట మొత్తంలో ఇంతకు మించిన విమర్శ మాకు కనబడలేదు. ఆ బాలికకు పూర్తి మార్కులు వేశాము.

ఆలోచించి చూడండి. అమెరికా చిత్రంలో మూతపడబోయే బేకరీకి అప్పు ఎంత ఉన్నదో, వడ్డీ ఎంతో ఎవరూ చెప్పరు. పండుగ ముందునాటి సభలో ఊరివారు పాట పాడగానే ఆ అప్పు తీరిపోతుంది. మన చిత్రంలో పండుగకు వచ్చిన అల్లునికి పెట్టిన బట్టల వెల ఎంతో, ఆ సొమ్ము ఏ వడ్డీవ్యాపారి దగ్గర తెచ్చారో మాట రాదు. లోగిలి ఊడ్చే మనిషికి ఒక హాస్యసన్నివేశం తప్ప ఒక పండుగ లేదు. రంజాన్ కథలలో ఇఫ్తారు పళ్ళాలు నిండుగా వస్తాయి. సహరీకి తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించిన తల్లి నిద్ర ఎప్పుడు పోయిందో కథకు అక్కర లేదు.

పండుగ కథలు ఎప్పుడూ ఇట్లాగే ఉండేవా? లేదు. ఆంగ్లంలో క్రిస్మస్ కథలకు ఒరవడి పెట్టిన డికెన్సు 1843లో వ్రాసిన ‘ఎ క్రిస్మస్ కారల్’లో చాలని జీతం పుచ్చుకొనే గుమాస్తా ఉన్నాడు, అతని ఇంట కుంటి బిడ్డ ఉన్నాడు. 1905లో ఓ. హెన్రీ వ్రాసిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మ్యాజై’ కథ మన పిల్లలలో పలువురు ఆంగ్ల పాఠంగా చదివే ఉంటారు. ఆ భార్య చేతిలో ఉన్న సొమ్ము ఒక డాలరు 87 సెంట్లు. ఆ లెక్కతోనే కథ మొదలవుతుంది. ఆమె జుట్టు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది, అతడు గడియారం అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొంటాడు. లోకంలో క్రిస్మస్ ప్రేమకథ అన్నదానిలో ఇంతకంటె గొప్పది మాకు తెలియదు. మరి మన దేశంలో? ఉర్దూ, హిందీ భాషలు రెండూ మావాడని చెప్పుకొనే ప్రేమ్‌చంద్ వ్రాసిన ‘ఈద్‌గాహ్’ ఉన్నది. తల్లీ తండ్రీ లేని హామిద్ చేతిలో మూడు పైసలు. తోటి పిల్లలు మిఠాయిలూ బొమ్మలూ కొంటూ ఉండగా, రొట్టె కాల్చేటప్పుడు అవ్వ అమీనా వేళ్ళు కాలుతున్నాయని ఆ మూడు పైసలూ పెట్టి ఇనుప పట్టుకారు కొంటాడు. ఒక డాలరు 87 సెంట్లు. మూడు పైసలు. ఆ కథలు ఇన్నేళ్ళు నిలిచినది, పండుగకు ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరిమీద పడుతుందో దాచకుండా చెప్పినందువల్లనే అని మా నమ్మకం. అంత చెప్పినా వాటిలో పండుగ సంతోషం ఏమాత్రం తరగలేదు. ఆ సంగతి టెలివిజన్‌వారికి తెలియకపోవడం విచారకరం.

రెండవ ఫిర్యాదు ఆడపిల్లల ఉద్యోగాన్ని గూర్చినది. నగరంలో పనిచేసే నాయిక చివరకు ఆ పనిని విడిచిపెట్టి చిన్న ఊరిలో నిలిచిపోవడం అమెరికా చిత్రాలలో తరచుగా సుఖాంతం. ఆమె విడిచిపెట్టినది కసాయి యజమాని కొలువుగా చూపడంచేత మనకు బాధ కలగదు. కాని వడమాలపేటలో ఇంటర్మీడియట్ దాటి డిగ్రీకి రావడానికి ఇంట్లో ఎన్ని దినాలు అన్నం మానిందో, ఏ మేనమామ చేత చెప్పించిందో గుర్తున్న బాలిక ఈ ముగింపును ఏ విధంగా చూస్తుంది? తిరిగి రావడానికి ముందు వెళ్ళడమంటూ ఉండాలి గదా. అమెరికా యువతికి వెళ్ళడం సులభం, తిరిగి రావడం కష్టం. కనుక తిరిగి రావడం ఆమెకు కథ. మన పిల్లకు ఊళ్ళో ఉండిపోవడం అతి సులభం. దానికి ఏ కథానాయకుడూ అక్కరలేదు, ఒక సంబంధం వస్తే చాలు. నాయిక పండుగకు ఇంటికి వచ్చి, ప్రేమించి, పెళ్ళి మాట కుదిరి, కనుమ మరునాడు తెల్లవారుజామున మరల ఉద్యోగానికి బస్సెక్కే చిత్రం ఏదైనా ఉంటే మా విద్యార్థినులు దానిని 18 దినాలు కాదు, ఏడాది పొడుగునా చూస్తారు. ఆ కుర్రవాడు సంచి మోసుకొని బస్సుదాకా వస్తే ఇంకా మంచిది.

మంచు ఊరి చిత్రాలలో చాలాకాలం వరకు నాయికానాయకులు దాదాపు అందరూ తెల్లవారే. దీనిపై ఆ దేశంలో ఎంతో విమర్శ వచ్చిన పిమ్మట ఈ మధ్య కొంత మార్పు వచ్చినది. అడిగినవారు ఉన్నారు గనుక వచ్చినది. మనము ఎవరిని అడగాలి? మద్రాసునో హైదరాబాదునో నిందిస్తూ కూర్చొనేకంటె మన కథలు మనమే వ్రాయడం దగ్గరి దారి. కావలి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ వ్రాసేవరకు ఆ వీథిలోని పండుగలు తెలుగు పాఠకునికి తెలుసునా? వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ వ్రాసేవరకు సీమలోని ఆ ఇళ్ళ శుక్రవారాలు తెలుసునా?

కథావస్తువుకు మన దగ్గర కొరత లేదు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు శ్రీవారి దర్శనానికి వరుసలో నిలుచొంటాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అనీ, ఆమెను చేపట్టిన స్వామి తమకు అల్లుడనీ వారి విశ్వాసం. పండుగనాడు పుట్టింటివారు కూతురినీ అల్లునినీ చూడవచ్చినట్లుగా వారు వస్తారు. ఇంతటి పండుగ ప్రేమకథను మన పక్క జిల్లాలో పెట్టుకొని మనము మంచుకోసం వెదుకుతున్నాము. ఇంకొకటి, నెల్లూరు రొట్టెల పండుగ. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా ముంగిట స్వర్ణాల చెరువు నీటిలో నిలిచి జనం రొట్టెలు మార్చుకొంటారు. ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, పెళ్ళి రొట్టె. కోరిక ఉన్నవారు, అది తీరినవారి చేతినుండి రొట్టె పుచ్చుకొంటారు. తమ కోరిక తీరితే మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. ఏ కులమని, ఏ మతమని అడిగేవారు లేరు. మోకాలిలోతు నీటిలో ఉద్యోగం రొట్టె కోసం నిలిచిన యువతి, పొరబాటున ఒక యువకుని చేతినుండి పెళ్ళి రొట్టె పుచ్చుకొన్నదనుకోండి. ఇంక కథకు కావలసినదేమున్నది? మరుసటి ఏటి వరకు వ్యవధి కూడా ఉన్నది.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. వార్షికోత్సవంలో ప్రతి ఏడు ఏదో ఒక చలనచిత్ర నృత్యానికి వెచ్చించే సమయంలో అరగంట తగ్గించి, విద్యార్థులు రెండు భాషలలో వ్రాసిన ఒక పండుగ నాటికకు కేటాయించవలెను. ఉర్దూ శాఖవారి కథను తెలుగు శాఖవారు, తెలుగు శాఖవారి కథను ఉర్దూ శాఖవారు ప్రదర్శిస్తే మరీ మంచిది. ఉచ్చారణలో తప్పులు దొర్లుతాయి, నవ్వుతారు, ఫరవాలేదు. వచ్చే ఏటి సంచికకు కూడా పండుగ కథలను పంపవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము. ప్రేమ ఉండవచ్చు, పెళ్ళి జరగవచ్చు, జరగకపోవచ్చు. ఎనిమిది పంక్తులు వ్రాసిన ఆ విద్యార్థిని ఈసారి పూర్తి కథ పంపుతుందని మా ఆశ. ఎవరు పంపినా సరే, నాయిక చేతిలోని రొట్టె ఎంత పిండితో చేసినదో, ఆనాడు అంగట్లో ఆ పిండి ధర ఎంత ఉండినదో ఒక మాట వ్రాయడం మరువవద్దు.